తాడు వదిలే చోటు

తాడు కట్టేముందు కోడలు కళ్ళు గట్టిగా మూసుకుని పెరట్లో ఒకసారి నడిచి చూసింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ తిరిగిన పెరడే. అయినా వెనక గుమ్మం దాటి మెట్టు దిగేసరికి కాలు గాల్లో తడబడింది. కొళాయి ఎక్కడో, బాత్రూం తలుపు ఎక్కడో, గోడ పక్క సిమెంటు బల్ల ఎక్కడో తెలియనిది కాదు. కానీ ఒక్కటీ చేతికి అందలేదు. చేతులు ముందుకు చాపి అడుగులో అడుగు వేసుకుంటూ పోతుంటే బట్టలారేసే తీగ వచ్చి నుదుటికి తగిలింది. కళ్ళు తెరిచి చూస్తే ఎదురుగా ఉందనుకున్న బాత్రూం తలుపు ఎప్పుడో పక్కకి ఉండిపోయింది.

"ఏం చేస్తున్నావమ్మాయ్?" అన్నారు మామగారు. ఆయన వసారాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. మొహం మాత్రం ఆమె ఉన్న వైపు కాకుండా వీధి వైపు ఉంది.

"మీలా నడిచి చూస్తున్నా మామయ్యా."

"ఎలా ఉంది?"

"నుదురు కొట్టుకుంది."

"మొదట్లో అంతే. పోను పోను నుదురే అలవాటు పడుతుంది."

ఆయన నవ్వారు. ఆమెకి కూడా నవ్వొచ్చింది.

మామగారు దర్జీ. మెషిన్ మీద కూర్చున్నంత కాలం ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఎరగరు. తర్వాత చూపు పక్కల నుంచి తగ్గుతూ తగ్గుతూ వచ్చి, ఇప్పుడు వెలుగుకీ చీకటికీ తేడా తెలిసేంత మాత్రం మిగిలింది. అప్పటి నుంచీ ఆయన మోచేతి కింద కోడలి చెయ్యి ఉండాల్సిందే. బాత్రూంకి వెళ్ళాలన్నా, పొద్దున్నే బల్ల మీద కూర్చుని ఎండ కాచుకోవాలన్నా "అమ్మాయ్" అని పిలుస్తారు. గట్టిగా కూడా పిలవరు. బట్టల సబ్బు చేతులతో ఉన్నా, పొయ్యి మీద పాలు పొంగడానికి సిద్ధంగా ఉన్నా, ఆ పిలుపు వినపడగానే ఆమె వెళ్ళాలి. రోజంతా ఆ పిలుపుల మధ్య ముక్కలు ముక్కలుగా తెగిపోయేది. ఏ ముక్కా ఒక పనికి సరిపోయేంత పొడవుండేది కాదు.

అంతకుముందు ఆమె పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబ్‌లో పనిచేసేది. ప్లాస్టర్ అచ్చు మీద మైనం పరిచి, ఒక్కో పన్నూ ఆనించి, బొటనవేలితో తడిమి చూసి, ఎక్కడ ఎత్తుగా ఉందో వేలితోనే కనిపెట్టేది. మామగారి చూపు తగ్గాక మానేసింది. నిన్న సాయంత్రం ల్యాబ్ మేడమ్ ఫోన్ చేసింది.

"నీ తర్వాత వచ్చినవాళ్ళు ఒక్కళ్ళూ నిలవలేదమ్మా. పళ్ళయితే పెడతారు గానీ నోరు మూసుకోదు. సోమవారం నుంచి వస్తావా? ఆదివారం సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పు. లేకపోతే ఇంకో అమ్మాయి అడుగుతోంది, తీసుకుంటా."

రాత్రి భోజనాల దగ్గర భర్తతో చెప్పింది. ఆయన బస్సు డిపోలో టైమ్ కీపర్. ఏ బస్సు ఎప్పుడు వెళ్ళిందో, ఎంత ఆలస్యంగా వచ్చిందో రాసుకోవడం ఆయన పని. ఇంట్లో ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడి ఎరగడు. అన్నం కలుపుతూ మధ్యలో ఆగి, శాంతంగా అన్నాడు:

"నేనెప్పుడైనా వద్దన్నానా?"

"అనలేదండీ."

"నాన్న ఎవరి సాయం లేకుండా బాత్రూంకి వెళ్ళిరాగలిగితే, బల్ల దాకా వెళ్ళి కూర్చోగలిగితే, నాకేం అభ్యంతరం? మధ్యాహ్నం ఎలాగూ నేను భోజనానికి వస్తాను. ఆదివారం అక్క వస్తోంది కదా. అక్క ముందే నాన్నని నడవనీ. రేపు ఏమైనా అయితే అందరూ నన్నే కదా అంటారు."

ఆ మాటల్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆయన మాటల్లో ఎప్పుడూ ఉండదు. ఆమెకి వచ్చిన చిక్కంతా అదే.

పొద్దున్నే బజారుకి వెళ్ళి నైలాన్ తాడు తెచ్చింది. పెరట్లో మూలపడి ఉన్న ఇనప గొట్టాలు దారి పొడుగునా పాతి, వెనక గుమ్మం నుంచి బల్ల దాకా నడుము ఎత్తున తాడు బిగించింది. కుడి చెయ్యి తాడు మీద జారుతూ పోతుంటే ఆయన దారి తప్పరు. కానీ ఎక్కడిదాకా వచ్చారో తాడు చెప్పదు. అది మొక్కలు చెప్పాలి.

పెరట్లో మొక్కలకి కొదవ లేదు. అవన్నీ ఎవరో ఇచ్చినవీ, కొమ్మ విరిచి తెచ్చి నాటినవీ, పాత డబ్బాల్లో, విరిగిన బకెట్లలో, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టినవి. ఆమె వాటినన్నిటినీ మధ్యలోకి లాగి, ఆకు తుంచి, నలిపి, వాసన చూసి, కళ్ళు మూసుకుని మళ్ళీ తడిమి చూసింది. వాసనకో, తగలగానే చేతికో తేడా తెలిసేవి పక్కన పెట్టింది. మనీ ప్లాంటు, మందారం లాంటివి గోడ వారకి పోయాయి. ఎంచుకున్న వాటికి కొత్త మట్టి వేసి, తాడు కిందుగా ఇటుకలు దిమ్మల్లా పేర్చి, ఒక్కో దిమ్మ మీద ఒక్కో కుండీ పెట్టింది.

తర్వాత మామగారి చెయ్యి తాడు మీద పెట్టింది.

"ఇది ఏంటో చెప్పండి మామయ్యా."

ఆయన ఆకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రాశారు, గుడ్డ బేరం చేసేటప్పుడు రాసినట్టు. "పొడుగ్గా ఉంది. అంచు కోసుకుంటోంది. గట్టి టెరికాటన్." వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "నిమ్మగడ్డి."

"ఇది ఉన్న చోట మెట్టు. దిగాక ముందుకి రండి. ఇది?"

"బకరం. కాలర్లో వేసేది. క్రోటన్ కదూ?"

"అవును. క్రోటన్ దగ్గర ఏమీ లేదు, అలా పోతూ ఉండటమే. ఇది?"

"అబ్బో, వెల్వెట్. దళసరి వెల్వెట్." ఆకు నలిగి ఘాటు వాసన లేచింది. "వాము."

"ఇదే ముఖ్యం. వాము దగ్గర తాడు వదిలి ఎడమకి తిరిగితే బాత్రూం తలుపు. ఇంకెక్కడా తాడు వదలకూడదు. ఈ తర్వాతది పుదీనా. అక్కడ ఎడమ పక్క కొళాయి. కింద పాకుడు. ఎంత రుద్దినా పోదు. పుదీనా తగిలితే తాడు గట్టిగా పట్టుకోవాలి."

ఆయన పుదీనా ఆకు రాసి చూసి, "ఇస్త్రీ లేని ముడతల గుడ్డ," అన్నారు. ఆ తర్వాత గులాబీ ఆకు అంచుని జిగ్‌జాగ్ కత్తెరతో కత్తిరించినట్టుందన్నారు. చివర్న బల్ల పక్క మరువం తగిలేసరికి వేళ్ళు అక్కడే కాసేపు ఆగిపోయాయి. "మల్లు గుడ్డ. పసిపిల్లలకి జుబ్బాలు కుట్టేవాణ్ణి," అని బల్ల మీద కూర్చున్నారు.

ఆ సాయంత్రం ఆయన వెళ్ళి వచ్చారు. ఆమె వెనకే నడిచింది గానీ ముట్టుకోలేదు. వాము దగ్గర ఆగారు, తాడు వదిలారు, ఎడమకి తిరిగారు, తలుపు తోశారు. లోపల నుంచి గొళ్ళెం వేసుకున్న చప్పుడు విని ఆమె అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. చాలా రోజుల తర్వాత ఎవరి కోసమూ లేవనక్కర్లేకుండా కూర్చుంది. కుండీలన్నిటికీ నీళ్ళు పోసి, చేతులు కడుక్కుని, బీరువాలో అడుగున పెట్టిన, ల్యాబ్‌లో వాడిన మైనం కత్తి తీసి చూసుకుంది.

మర్నాడు పొద్దున్న భర్త పళ్ళు తోముకుంటూ వసారాలో నిలబడి ఉన్నాడు. మామగారు మెట్టు దిగారు. నిమ్మగడ్డి, క్రోటన్ దాటారు. తర్వాతి కుండీ తడిమి, ఆగి, తాడు పట్టుకునే ముందుకి పోయారు. బాత్రూం వెనకబడిపోయింది. అలవాటుగా వెనకే నడుస్తున్న ఆమెకి ఆయన అక్కడ ఎందుకు తిరగలేదో అర్థం కాలేదు. ఆ తర్వాతి కుండీ దగ్గర ఆయన తాడు వదిలి, ఎడమకి తిరిగి, అడుగు వేశారు. పాకుడు మీద కాలు సర్రున జారింది. ఆమె ఒక్క ఉరుకున వెళ్ళి నడుం దగ్గర పట్టుకుంది. ఇద్దరూ కొళాయి గట్టుకి ఆనుకుని నిలబడిపోయారు.

అప్పుడు చూసింది. పుదీనా ఉండాల్సిన దిమ్మ మీద వాము ఉంది. వాము ఉండాల్సిన దిమ్మ మీద పుదీనా ఉంది.

భర్త నోట్లో నురుగు ఉమ్మి వచ్చాడు. రెండు కుండీల వైపూ చూశాడు. కోప్పడలేదు.

"నిన్న నీళ్ళు పోసేటప్పుడు తారుమారుగా పెట్టినట్టున్నావు."

"నేను దిమ్మ మీద ఉంచే పోశానండీ. దించలేదు."

"దించకపోతే వాటంతటవే ఎలా మారతాయి?" అని నవ్వాడు. "పోనీలే. నీకు మాత్రం ఎన్నని గుర్తుంటాయి?"

ఆమె గుర్తుచేసుకుంది. నీళ్ళ మగ్గు, మట్టి చేతులు, సంతోషం. ఆ సంతోషంలో ఏమైనా చేసిందేమో. దించి, కడిగి, అటుదిటు పెట్టిందేమో. పెట్టలేదని గట్టిగా అనుకుంటే పెట్టలేదనిపించింది. పెట్టానేమో అనుకుంటే పెట్టినట్టే కళ్ళకి కట్టింది.

ఆ సాయంత్రం కుండీలు సరైన చోట పెట్టి, "వాము ఇక్కడ, పుదీనా అక్కడ," అని బడిపిల్లలా పైకి అనుకుంది. నీళ్ళు పోసి, మళ్ళీ ఒకసారి వచ్చి చూసుకుంది. వంటింట్లోకి వెళ్ళాక కూడా కిటికీ లోంచి తొంగి చూసింది. అన్నీ ఉన్నచోటే ఉన్నాయి.

మర్నాడు పొద్దున్న మామగారు ఆమె కోసం ఆగలేదు. ఆమె స్టవ్ ఆపి బయటికి వచ్చేసరికే ఆయన క్రోటన్ దాటిపోయారు. ఆమె దృష్టి నేరుగా కుండీల మీదికి పోయింది. పుదీనా, తర్వాత వాము. "మామయ్యా, ఆగండి," అంటూనే పరుగెత్తింది. ఆయన తాడు వదిలేశారు. ఈసారి చెయ్యి అందలేదు. కొళాయి గట్టు అంచు మోకాలికి గీసుకుపోయింది.

భర్తే ముందు లేవదీశాడు. బల్ల మీద కూర్చోబెట్టి, పంచె పైకి మడిచి, గోరువెచ్చని నీళ్ళు తెచ్చి, గుడ్డ ముంచి, మట్టి పోయేదాకా నెమ్మదిగా తుడిచాడు. మందు రాస్తూ నోటితో ఊదాడు. చూసేవాళ్ళకి కళ్ళు చెమర్చేంత ముచ్చటగా ఉంది. తర్వాత చేతులు తుడుచుకుంటూ ఆమెతో అన్నాడు:

"నిన్ను ఏమీ అనడం లేదు. అలసిపోతున్నావు. ఇంట్లో ఉండగానే ఇలా ఉంటే, అక్కడ రోజంతా పనిచేసి వచ్చి ఎలా ఉంటావో నువ్వే ఆలోచించుకో. ఉద్యోగానికేం, ఇవాళ కాకపోతే ఇంకో రోజు."

మామగారు మోకాలు చాపుకుని కూర్చుని ఉన్నారు. ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఆ మొహంలో నొప్పి ఉంది గానీ ఆశ్చర్యం లేదు. అది ఆమె అప్పుడు గమనించలేదు.

భర్త డ్యూటీకి వెళ్ళాక ఆమె ఫోన్ తీసి ల్యాబ్ మేడమ్ నంబరు దాకా వెళ్ళింది. రాలేనని చెప్పేస్తే ఈ పరీక్ష అయిపోతుంది. అందరూ హాయిగా ఉంటారు. ఎవరూ ఆమెని ఏమీ అనరు. ఎప్పుడూ అనలేదు కూడా. ఇంటి గోడలు ఎవరో నెడుతున్నట్టు దగ్గరికి వచ్చాయి. ఫోన్ వంటగట్టు మీద పెట్టి, ముందు కుండీలు సరిచేసి వద్దామని పెరట్లోకి వెళ్ళింది.

పుదీనాది వెడల్పు కుండీ, గంపలా ఉంటుంది. వాముది సన్నగా, పొడుగ్గా ఉండే కుండీ. కొళాయి పక్క దిమ్మ మీద నుంచి వాము కుండీని రెండు చేతులా ఎత్తింది. ఎత్తి అలాగే నిలబడిపోయింది. దాని కింద ఇటుకల మీద నీటి మరక ఉంది. రాత్రి నీళ్ళు కారి, అడుగు చుట్టూ మట్టి రంగున ఆరిన గుండ్రటి మరక. అది వెడల్పు కుండీ మరక. వాము కుండీ ఆ మరక మధ్యలో చిన్నపిల్లకి పెద్దవాళ్ళ చెప్పులు వేసినట్టు కూర్చుని ఉంది. వాము దించి, వెనక దిమ్మ దగ్గరికి వెళ్ళి పుదీనా పక్కకి జరిపి చూసింది. అక్కడ సన్నటి మరక.

తను సరిగ్గానే పెట్టింది. నీళ్ళు పోసింది కూడా సరిగ్గానే పెట్టాక. ఆ తర్వాత ఎవరో మార్చారు.

బట్టలు తడిపేటప్పుడు మిగతాది తెలిసింది. భర్త నిన్న తొడుక్కుని ఇవాళ పొద్దున్నే విప్పిన చొక్కా. డిపోలో డీజిలు వాసన, చెమట వాసన ఎప్పుడూ ఉండేవే. కుడి చేతి మణికట్టు దగ్గర మాత్రం వాము వాసన. ఎంత ఘాటుగా ఉందంటే గుడ్డ ముక్కుకి ఆనించనక్కర్లేదు. ఆకు రాసుకోకుండా రెండు చేతులతో ఆ పొడుగు కుండీని ఎత్తడం ఎవరి వల్లా కాదు.

మధ్యాహ్నం ఆయన భోజనానికి వచ్చి బూట్లు విప్పుతుంటే అడిగింది.

"పొద్దున్న మీరు ముందే పెరట్లోకి వెళ్ళారా?"

"పళ్ళు తోముకోవడానికి వెళ్ళా. ఏం?"

"కుండీలేమైనా జరిపారేమోనని."

ఆయన బూటు లేసు ముడి విప్పడం ఆపలేదు. "ఎండ తగలడం లేదని ఏదో జరిపానేమో ఒకసారి. గుర్తులేదు. ఎందుకు, నన్ను అనుమానిస్తున్నావా?" తల ఎత్తి చూశాడు. ఆ చూపులో నిజంగానే బాధ ఉంది. "నిన్ను వెళ్ళొద్దని నేనెప్పుడైనా అన్నానా?"

ఇంత చిన్న విషయానికి కన్నతండ్రిని పడేస్తాడా అని ఎవరిని అడిగినా ఆమెనే వింతగా చూస్తారు. ఆమె అన్నం వడ్డించింది.

ఆదివారం పొద్దున్న కుండీలు మళ్ళీ మారాయి.

ఆమె వాటి దగ్గరికి వెళ్ళి పుదీనా కుండీ అంచు పట్టుకుంది. రెండు నిమిషాల పని. సర్దేస్తే చాలు, మామగారు నడిచి చూపిస్తారు, వదిన సరేనంటుంది, రేపు ల్యాబ్‌కి వెళ్ళొచ్చు. కానీ రేపు పొద్దున్న మళ్ళీ మారతాయి. అప్పుడు తను ల్యాబ్‌లో ఎవరి నోటికో పళ్ళు అమర్చుతూ ఉంటుంది, ఇక్కడ ఆయన పాకుడు మీద పడతారు. ఆ పడటం కూడా తన తప్పే అవుతుంది. ఆమె కుండీ వదిలేసి మామగారి గదిలోకి వెళ్ళింది.

కూతురు వస్తుందని ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటున్నారు.

"మామయ్యా, వామూ పుదీనా మళ్ళీ మారాయి. ఇవాళ నేను సర్దను. సర్దితే రేపు మళ్ళీ మారతాయి. చూసుకుని నడవండి."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"మారాయని. మొదటి రోజే తెలుసు." ఆయన గుండీ కోసం చొక్కా అంచు తడుముకుంటున్నారు. "వాడు నడిచేటప్పుడు చెప్పులు ఈడుస్తాడు. చిన్నప్పటి నుంచీ అంతే. ఆ రోజు పొద్దున్న పెరట్లోకి వెళ్ళేటప్పుడు ఈడ్వలేదు. ఎందుకా అనుకున్నా. తర్వాత కుండీ చేతికి తగిలాక అర్థమైంది."

ఆమె మంచం పట్టె మీద కూర్చుంది.

"కొళాయి చుక్కలు పడుతుంటే నాకు వినపడదా? వెల్వెట్ తగిలింది కదా అని కొళాయిని బాత్రూం అనుకుంటానా?"

"మరి తాడు ఎందుకు వదిలారు?"

ఆయన పై గుండీ పెట్టుకున్నారు.

"మొదటిసారి నువ్వు వెనకే ఉన్నావు, పట్టుకుంటావనుకున్నా. పట్టుకున్నావు. రెండోసారి కూడా వచ్చేస్తావనుకున్నా. నీ అడుగులు దూరంగా ఉన్నాయని వదిలేశాక తెలిసింది."

"నాకు మతిపోతోందనుకున్నా మామయ్యా. నా చేతులు నా మాట వినడం లేదనుకున్నా. మీరిద్దరూ కలిసి నన్ను పిచ్చిదాన్ని చేశారు."

"కలిసి కాదమ్మాయ్. వాడు నాతో చెప్పలేదు. నేను వాడితో చెప్పలేదు."

"అది ఇంకా అన్యాయం."

ఆయన తల ఊపారు. "నువ్వు వెళ్ళిపోతే పొద్దున్నుంచీ ఈ ఇంట్లో నాకు గోడలే. వాడు వస్తాడు, టైమెంతయిందో చెప్తాడు, వెళ్ళిపోతాడు."

"నాకూ గోడలే మామయ్యా. నాకు కనపడతాయి, అంతే తేడా."

ఆయన గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నారు. చొక్కా ఒక పక్క కిందికి వేలాడుతోంది. అలవాటు కొద్దీ ఆమె చెయ్యి ముందుకి వెళ్ళింది. వెనక్కి తీసుకుంది. ఆయన అంచులు రెండూ కలిపి చూసుకుని, తేడా తెలుసుకుని, పై నుంచి మళ్ళీ ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టారు. ఆమె లేచి బయటికి వచ్చేసింది. ఆయన ఇవాళ ఏం చేస్తారో ఆమెకి తెలియదు. అడగాలనిపించలేదు కూడా.

వదిన వస్తూనే ఇల్లంతా గొంతుతో నింపేసింది. చెప్పులు విప్పకముందే తండ్రి మోకాలు చూసి, తమ్ముణ్ణి కేకలేసి, టీ గ్లాసు పుచ్చుకుని పెరట్లోకి వెళ్ళి సిమెంటు బల్ల మీద కూర్చుంది.

"ఏదీ, చూపించండి మీ సర్కసు," అంది.

భర్త వసారాలో స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. "నాన్నా, ఇబ్బందైతే వద్దులే. బలవంతం ఏం లేదు," అన్నాడు.

మామగారు గుమ్మం దగ్గరికి వచ్చి తాడు అందుకున్నారు. కోడలు ఆయన వెనక నడవలేదు. వంటింటి తలుపు దగ్గరే నిలబడి, చేతులు కొంగులో చుట్టుకుంది, తెలియకుండానే ముందుకి పోతాయేమోనని.

ఆయన నిమ్మగడ్డి తడిమి మెట్టు దిగారు. క్రోటన్ మీద నుంచి చెయ్యి జార్చుకుంటూ పోయారు. తర్వాతి కుండీ దగ్గర ఆగారు. ఆకు తుంచి రాశారు, వాసన చూశారు. తల కొంచెం వంచి విన్నారు. కొళాయిలోంచి నీటి చుక్కలు పడుతున్న చప్పుడు కాస్త దూరం నుంచి వస్తోంది. వదిన టీ తాగడం ఆపింది. ఆయన తాడు మీద చెయ్యి ఒకసారి బిగించారు. తర్వాత వదిలారు. ఎడమకి తిరిగి, చేతిని ముందుకు చాపి, బాత్రూం తలుపు మీద వేళ్ళతో టక్కున కొట్టారు.

"ఇది బాత్రూం," అన్నారు. మళ్ళీ వెనక్కి తిరిగి తాడు పట్టుకున్నారు. ముందుకి పోయి, వాము మీద చెయ్యి వేసి, అక్కడ ఆగకుండా, తాడు గట్టిగా పట్టుకుని కొళాయి దాటారు. గులాబీ దాటారు. మరువం దగ్గరికి వచ్చి కూతురి పక్కన కూర్చున్నారు.

"భేషుగ్గా నడిచారు కదరా," అంది వదిన తమ్ముడి వైపు తిరిగి. "కుండీలు తారుమారు చేస్తోందని ఫోన్లో అంత చెప్పావు, దీనికేనా?"

"ఇవాళ బాగానే నడిచారు," అన్నాడాయన.

"ఒరేయ్," అన్నారు మామగారు. మామూలు గొంతుతోనే అన్నారు, మంచినీళ్ళు అడిగినట్టు. "ఆ రెండు కుండీలు వాటి చోట పెట్టేసి రా. కోడలికి వంటింట్లో పనుంది."

భర్త కదిలాడు. నేరుగా వాము కుండీ దగ్గరికి వెళ్ళి ఎత్తాడు, పుదీనా పక్కన దించాడు. పుదీనా ఎత్తి కొళాయి పక్క దిమ్మ మీద పెట్టాడు. తిరిగొచ్చి వాము ఖాళీ దిమ్మ మీద పెట్టాడు. కుండీ అంచు ఇటుకలకి సమంగా ఉందో లేదో చూసి కొంచెం సర్దాడు కూడా. సర్దుతున్న చెయ్యి మధ్యలో ఆగింది.

ఏ రెండు కుండీలో ఆయనకి ఎవరూ చెప్పలేదు.

వదిన గ్లాసు బల్ల మీద పెట్టింది. తండ్రి మోకాలి వైపు చూసింది, తమ్ముడి చేతుల వైపు చూసింది.

"నువ్వా?" అంది.

"ఊడ్చేటప్పుడు అడ్డమని ఒకసారి..."

"నువ్వెప్పుడు ఊడ్చావురా?"

ఆయన చేతి గడియారం చూసుకున్నాడు, అందులో ఏదో రాసి ఉన్నట్టు. తర్వాత కొళాయి తిప్పి చేతులు కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

కోడలు లోపలికి వెళ్ళింది. గెలిచినట్టు ఏమీ అనిపించలేదు. వంటగట్టుకి ఆనుకుని నిలబడి ఫోన్ చేసింది. "రేపు వస్తున్నానండీ," అంది. ఇంకేదో చెప్పాలనుకుంది గానీ మేడమ్ అప్పటికే, "పొద్దున్నే రా, అచ్చులు పేరుకుపోయాయి," అనేసి పెట్టేసింది.

సాయంత్రం వదిన వెళ్ళిపోయాక మామగారు బల్ల మీద ఒక్కరే కూర్చుని ఉన్నారు. ఆమె ఆరిన బట్టలు తీస్తోంది.

"కోపంగా ఉందా అమ్మాయ్?"

ఆమె దుప్పటి మడత పెట్టడం పూర్తిచేసింది.

"ఉంది మామయ్యా."

"ఉండనీ," అన్నారాయన. మరువం ఆకు తుంచుతూ, "నాకూ ఉంది, నా మీద," అన్నారు. ఆమె ఓదార్చలేదు. బట్టలు ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున్న భర్త ఆమె కంటే ముందే డ్యూటీకి బయల్దేరాడు. గుమ్మం దగ్గర ఆగి, "మధ్యాహ్నం పెందలాడే వస్తాలే," అన్నాడు గోడ వైపు చూస్తూ. ఆమె తల ఊపింది. మామగారికి టీ ఇచ్చి, భోజనం గిన్నెల మీద మూతలు పెట్టి, ఏది ఎక్కడుందో ఆయన చేతిని పట్టుకుని చూపించింది. జడ వేసుకుని, సంచీ భుజాన తగిలించుకుంది. "వెళ్తున్నా మామయ్యా," అంటే, ఆయన పెరట్లో ఎక్కడ్నుంచో "ఊఁ" అన్నారు.

ఆమె వీధి గేటు తీసి బయటికి వచ్చింది. గొళ్ళెం వేస్తుంటే వినపడింది.

"అమ్మాయ్."

గట్టిగా కాదు, ఎప్పుడూ పిలిచేలాగే. ఆమె కాళ్ళు వాటంతటవే ఆగాయి. చెయ్యి గొళ్ళెం మీదే ఉండిపోయింది. పడ్డ గొంతు కాదు, భయపడ్డ గొంతు కాదు. ఊరికే పిలిచిన గొంతు. పలకాలని నోటి దాకా వచ్చింది. పలికితే ఆయన ఏదో అడుగుతారు, తను లోపలికి వెళ్తుంది.

రెండోసారి పిలుస్తారేమోనని ఆమె గేటు దగ్గర నిలబడింది. లోపల ఆయన కూడా కదలకుండా, చెవి ఒగ్గి నిలబడి ఉంటారని ఆమెకి తెలుసు. ఇంట్లో తను లేదని ఆయనకి తెలియాలంటే, ఇటు నుంచి మాట వినపడకపోవడం ఒక్కటే దారి. ఆమె పెదవులు బిగబట్టుకుని నిలబడింది.

కాసేపటికి పెరట్లో ఆయన గొంతు సవరించుకున్న చప్పుడు, ఆ వెనకే బాత్రూం తలుపు తోసిన చప్పుడు వినపడ్డాయి.

ఆమె గొళ్ళెం వేసి, బస్టాపు వైపు నడిచింది.